నాన్న చేతికి రేసు వాచీ

సెలవులకి ఊరెళ్ళే నెల దగ్గర పడిందంటే చాలు, మన గ్రూపులో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. "అక్కా, మా తమ్ముడు ఆటోమేటిక్ వాచీ అడుగుతున్నాడు. రేసు కార్ల వాళ్ళు పెట్టుకునేలాంటిదట. తక్కువలో మంచిది ఏదుంది?" కింద పది లింకులు, ఇరవై ఫోటోలు వచ్చి పడతాయి. ఒకరు పాతిక దీనార్లు చాలంటారు, ఇంకొకరు రెండొందలు లేనిదే రాదంటారు. చివరికి ఎవరికీ ఏమీ తేలదు.

పోయిన ఏడాది నా పరిస్థితీ అదే. మా తమ్ముడి కొడుక్కి కార్ల పిచ్చి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది గుర్తుందా, మన దేశంలో ఆ రేసు జరగడం అదే మొదటిసారి. వాడు ఫ్రెండ్స్‌తో వెళ్ళి చూసొచ్చాడు. అప్పట్నుంచీ గోడ నిండా కార్ల బొమ్మలే. ఇంజనీరింగ్‌లో సీటొచ్చిన రోజు ఫోన్ చేసి, "అత్తా, నువ్వుండేది బహ్రెయిన్‌లో. ఫార్ములా వన్ జరిగే చోటు. నాకో రేసింగ్ వాచీ తెచ్చిపెట్టు, బ్యాటరీది కాదు, ఆటోమేటిక్" అన్నాడు.

నిజమే, ఇక్కడ సఖీర్ ఎడారిలో 2004 నుంచీ ఫార్ములా వన్ జరుగుతోంది. కానీ పదకొండేళ్ళుగా ఉంటున్నా నాకు ఆ వారం ట్రాఫిక్ గురించి తప్ప ఇంకేమీ తెలీదు. వాచీల సంగతి అసలే తెలీదు. ఒక ఆఫీసులో అకౌంట్లు రాసే మనిషిని. అంకె తేలకపోతే నిద్ర పట్టదు, అదొక్కటే నా అర్హత. అందుకే ఒక వాచీ కొని, వాడికిచ్చే ముందు నలభై రోజులు నేనే పెట్టుకుని రోజూ లెక్క రాశాను. ఆ లెక్కే మీకు చెప్తున్నాను. తర్వాత ఆ వాచీ మా ఇంట్లో ఏం చేసిందో కూడా చెప్పాలి. ఎందుకంటే కొనేటప్పుడు నేను అడగాల్సిన అసలు ప్రశ్న నాకు అప్పుడే తెలిసింది.

కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇది ప్రకటన కాదు. పైగా లోపల ఇదే యంత్రం పెట్టి, పైన వేరే పేరు వేసి ఎన్నో కంపెనీలు అమ్ముతున్నాయి. చూడటం తెలిస్తే ఏ వాచీ అయినా మీరే తేల్చుకోగలరు.

రేసుకీ వాచీకీ ఏమిటి సంబంధం?

ఇప్పుడంటే రేసుల్లో సెకనులో వెయ్యో వంతు కూడా కంప్యూటరే చెప్తుంది. ఒకప్పుడు మనుషులే స్టాప్‌వాచ్ నొక్కి లెక్క పెట్టేవాళ్ళు. అందుకని టైము చూపిస్తూనే స్టాప్‌వాచ్‌లాగా కూడా పనిచేసే చేతి వాచీలకి రేసుల వాళ్ళలో గిరాకీ ఉండేది. వాటిని క్రోనోగ్రాఫ్ అంటారు. 1963లో హాయర్ కంపెనీ కరేరా అనే వాచీ తెచ్చింది. 1950 నుంచి 1954 దాకా మెక్సికో రోడ్ల మీద జరిగిన కరేరా పానమెరికానా అనే ప్రమాదకరమైన రేసు పేరు అది. రోలెక్స్ వాళ్ళ డేటోనాకి అమెరికాలోని రేసు ట్రాక్ పేరు పెట్టారు. 1971లో వచ్చిన 'ల మాన్' సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ చేతికి హాయర్ మొనాకో కనిపిస్తుంది. ఇప్పుడవి కొనాలంటే మన మాటల్లో లక్షలే.

మన బడ్జెట్‌లో వచ్చేవాటికి ఆ వాచీల పోలికలు ఉంటాయి. నేను కొన్నదాన్నే చూడండి. నల్ల డయల్. అంచు చుట్టూ రేసు చివర ఊపే జెండాలాగా నలుపు తెలుపు గళ్ళు. ఎర్ర సెకన్ల ముల్లు. పెద్ద పెద్ద చిల్లులున్న తోలు బెల్టు, పాత రేసు కార్ల స్టీరింగ్‌కీ డ్రైవర్ల గ్లవ్స్‌కీ ఉండే చిల్లుల్లాగా. అద్దం చుట్టూ ఒక రింగు, దాని మీద 60 నుంచి 400 దాకా అంకెలు.

ఆ రింగు పేరు టాకీమీటరు. చూడటానికి కంగారు పెడుతుంది గానీ లెక్క చిన్నదే. గంటకి 3600 సెకన్లు. బండి ఒక కిలోమీటరు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ని దానితో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్ల వేగమో వస్తుంది. 60 సెకన్లు పడితే 60. 45 పడితే 80. 40 పడితే 90. ఆ భాగహారం మనం చెయ్యక్కర్లేకుండా రింగు మీద ముందే రాసిపెట్టారు. సెకన్ల ముల్లు ఏ అంకె దగ్గరుందో అదే వేగం. ఇక్కడి సఖీర్ ట్రాక్ ఒక చుట్టు 5.412 కిలోమీటర్లు. 2005 రేసులో పెడ్రో డి లా రోసా ఒక చుట్టుని 1 నిమిషం 31.447 సెకన్లలో తిరిగాడు. అదే లెక్క వేస్తే సగటున గంటకి 213 కిలోమీటర్లు.

అయితే ఒక మెలిక ఉంది. ఈ రింగు సరిగ్గా పనికిరావాలంటే సెకన్ల ముల్లుని మనకి కావలసినప్పుడు సున్నా నుంచి బయల్దేరదీయాలి, అంటే స్టాప్‌వాచ్ ఉండాలి. నేను కొన్న వాచీలో అది లేదు. సెకన్ల ముల్లు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అది 12 దగ్గరికి వచ్చేసరికి మన కారు సరిగ్గా కిలోమీటరు రాయి దగ్గర ఉండాలి! అందుకని నా పుస్తకంలో ఆ రింగు ఎదురుగా "అలంకారం" అని రాసుకున్నాను. నిజంగా స్టాప్‌వాచ్ ఉన్న ఆటోమేటిక్ కావాలంటే ధర చాలా పైకి వెళ్తుంది. డయల్ మీద మూడు చిన్న డయళ్ళుండి, పక్కన రెండు బటన్లుండి, "ఆటోమేటిక్" అని రాసి మరీ చవగ్గా ఇస్తున్నారంటే అనుమానపడండి. చాలావాటిలో ఆ చిన్న డయళ్ళు వారాన్నో, 24 గంటల టైమునో చూపిస్తాయి, అంతే. స్టాప్‌వాచ్ ముఖ్యమైతే నిక్షేపంగా బ్యాటరీ క్రోనోగ్రాఫ్ కొనుక్కోవచ్చు.

లోపల ఏముంది?

ఆటోమేటిక్ వాచీని వెనక్కి తిప్పి, గాజు మూతలోంచి చూస్తే అర్ధచంద్రాకారంలో ఒక బరువు కనిపిస్తుంది. మనం చెయ్యి కదిలించినప్పుడల్లా అది తిరుగుతుంది. అది తిరిగితే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. ఆ స్ప్రింగు నెమ్మదిగా విచ్చుకుంటూ చక్రాలని నడుపుతుంది. అంటే వాచీ తినేది మన కదలికనే.

నా వాచీలో ఉన్నది సీకో గ్రూపు తయారుచేసి ఇతర కంపెనీలకి అమ్మే ఎన్‌హెచ్35 అనే యంత్రం. తక్కువ ధర ఆటోమేటిక్‌లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 24 రాళ్ళు. రాళ్ళంటే అలంకారానికి కాదు, చక్రాలు అరిగిపోకుండా ఇరుసుల కింద పెట్టే కృత్రిమ కెంపులు. గంటకి 21,600 సార్లు, అంటే సెకనుకి ఆరు సార్లు కొట్టుకుంటుంది. అందుకే సెకన్ల ముల్లు బ్యాటరీ వాచీలోలాగా సెకనుకొక గెంతు గెంతకుండా జారుతున్నట్టు కదులుతుంది. పూర్తిగా నిండితే చెయ్యి కదలకపోయినా దాదాపు 41 గంటలు నడుస్తుంది. పక్కనున్న కీ తిప్పి చేత్తో కూడా నింపొచ్చు. తక్కువ ధర ఆటోమేటిక్‌లు అన్నిటికీ ఈ సదుపాయం ఉండదు, కొనేముందు అడగండి. ఎందుకు అడగాలో కింద మీకే తెలుస్తుంది.

నలభై రోజుల లెక్క

పన్ను 10 శాతం కలుపుకుని 46 దీనార్లయింది. మన రూపాయల్లో పదివేల పైచిలుకు. వాచీకి ఇది ఎక్కువా తక్కువా అనేది మీ ఇల్లు, మీ ఇష్టం. నేనైతే బంగారం చీటీలోంచి ఒక నెల తప్పించాను.

టైము సంగతి. ఈ యంత్రానికి తయారీదారు చెప్పే లెక్కే రోజుకి 20 సెకన్లు వెనక్కి, 40 సెకన్లు ముందుకి పోవచ్చని. వంద రూపాయల బ్యాటరీ వాచీ ఇంతకంటే నయంగా టైము చూపిస్తుంది, ఆ మాట దాచిపెట్టకూడదు. నాది రోజుకి 9 నుంచి 14 సెకన్లు ముందుకి పోయింది. వారానికొకసారి ఫోన్ చూసి సరిచేసుకుంటే సరిపోయింది. రాత్రి బల్ల మీద పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి పెడితే నాలుగైదు సెకన్లు తగ్గింది. యంత్రం ఏ భంగిమలో ఉంటే దాని నడక అలా మారుతుందట.

ఇరవై మూడో రోజున ఒక్కసారిగా నాలుగు నిమిషాలు ముందుకి పోయింది. పాడైపోయిందని గుండె జారింది. మనామా సూక్‌లో ఒక వాచీ మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన చూసి "మేడం, మీ హ్యాండ్‌బ్యాగ్ ఎలా మూస్తారు?" అని అడిగాడు. అయస్కాంతం బటన్! వాచీ తీసి ముందటి రాత్రి ఆ బ్యాగులోనే పడేశాను. లోపలున్న వెంట్రుకలాంటి స్ప్రింగుకి అయస్కాంతం పడితే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగెడుతుందట. ఆయన చిన్న పెట్టెలాంటి దాని మీద పెట్టి నిమిషంలో సరిచేశాడు. మనలాంటి వాళ్ళకి ఇది ముఖ్యమైన సంగతి. బ్యాగులు, ఫోన్ కవర్లు, ట్యాబ్ మూతలు, స్పీకర్లు, అన్నిటిలో అయస్కాంతాలే.

నిలవ సంగతి. గురువారం రాత్రి పదింటికి తీసి బీరువాలో పెట్టాను. శనివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆగింది. 42 గంటలు. చెప్పినదానికి ఒక గంట ఎక్కువే.

అద్దం దగ్గర మార్కులు తీసేశాను. మామూలు మినరల్ గాజు. మూడో వారానికే సన్నటి గీత పడింది. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్ అనే ఖనిజం, గట్టిదనం కొలతలో దానికి 7. మామూలు గాజు అంతకంటే మెత్తన, సఫైర్ అద్దానికైతే 9. ఈ ఎడారి దేశాల్లో గాలి నిండా ఇసుకే కదా, ఇంకో ఐదారు దీనార్లు పెట్టి సఫైర్ అద్దం ఉన్నది తీసుకుంటేనే మేలు.

తోలు బెల్టు ఫోటోలో ఎంత బాగుందో, జూన్ నెల ఉక్కపోతలో అంత కంపు కొట్టింది. మణికట్టుకి నల్లరంగు కూడా అంటింది. రెండు దీనార్లకి నైలాన్ బెల్టు వేయించాను. బెల్టు వెడల్పు 20 మిల్లీమీటర్లో 22 మిల్లీమీటర్లో ఉంటే ఎక్కడైనా దొరుకుతుంది.

100 మీటర్ల లోతు వరకూ నీళ్ళు పోవని రాసి ఉంది. గిన్నెలు కడగడానికి, వానకి ఏ భయమూ లేదు. 30 మీటర్లని రాసి ఉంటే మాత్రం 30 మీటర్ల లోతుకి ఈత కొట్టొచ్చని కాదు, చేతులు కడుక్కోవచ్చని మాత్రమే అనుకోండి.

ఇక సైజు. అడ్డంగా 41 మిల్లీమీటర్లు, మందం 13. నా మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు. వాచీ కొమ్ములు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి, చుడీదార్ చెయ్యి రోజూ తట్టుకునేది. మనం పెట్టుకోవాలంటే 36 నుంచి 38 లోపు చూసుకోవాలి. "ఇవి మగవాళ్ళ వాచీలు కదా" అని షాపులో అంటే పట్టించుకోకండి. కారు మనమూ నడుపుతున్నాం.

జగ్గయ్యపేటలో

ఆగస్టులో ఊరెళ్ళాను. మా ఊరు జగ్గయ్యపేట దగ్గర. నాన్న ముప్పై ఏళ్ళ పైన లారీ తోలారు. ఇక్కడి ఫ్యాక్టరీల నుంచి హైదరాబాదుకి సిమెంటు. ఇప్పుడు ఆయనకి డెబ్బై రెండు.

వాచీ పెట్టె విప్పగానే మేనల్లుడు ఎగిరి గంతేశాడు. నాన్న కుర్చీలో కూర్చునే చెయ్యి చాపి, "ఏదీ, ఇటివ్వు" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, "చుట్టూ ఈ అంకెలేంటమ్మా?" అని అడిగారు. నేను నేర్చుకున్నదంతా చెప్పబోయాను. కిలోమీటరుకి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి అంటున్నానో లేదో, ఆయన నవ్వేశారు.

"ఇది మా లెక్కే కదే!"

ఆయన తోలిన లారీలో స్పీడు ముల్లు ఏనాడూ కదల్లేదట. ఓనరు బాగు చేయించడు. హైదరాబాదులోకి పగలు లారీలని రానివ్వరు, తెల్లారేలోపు సరుకు దించి బయటపడాలి. అందుకని నాన్న చేతికి హెచ్ఎంటీ జనతా వాచీ, పక్కన క్లీనరు. పాత తొమ్మిదో నంబరు హైవే మీద పసుపు తెలుపు కిలోమీటరు రాయి రాగానే క్లీనరు "రాయి!" అని అరిచేవాడట. మళ్ళీ "రాయి!" అనేదాకా నాన్న సెకన్లు చూసేవారు. "తొంభై అయితే నలభై. డెబ్బై రెండయితే యాభై. అరవై అయితే అరవై. అంతకి మించి తోలితే ఓనరు టైరు బిల్లు మొహాన కొడతాడు." లెక్క ఆయనకి నోటికొచ్చు. భాగహారం చెయ్యలేదు, ఎప్పుడో ఎవరో డ్రైవరు చెప్తే గుర్తుపెట్టుకున్నారు.

తర్వాత రింగు మళ్ళీ చూసి, "మరి ఇది అరవై దగ్గర మొదలైందేం? మా లారీకి ఇందులో చోటే లేదు" అన్నారు. నిజమే. నిమిషం దాటితే ఈ రింగు చూపించలేదు. రేసు కార్లకి రాసిన అంకెలు కదా.

మేనల్లుడు నోరు తెరుచుకుని వింటున్నాడు. వాడు పుట్టినప్పట్నుంచీ తాత కుర్చీలోనే చూశాడు. ఆయన చీకట్లో సూర్యాపేట దాటుతూ సెకన్లు లెక్కపెట్టిన మనిషని వాడికే కాదు, నాకూ తెలీదు. ఆ హెచ్ఎంటీ వాచీ ఇంకా బీరువాలో ఉంది, నడవదు. బెంగళూరులో 1961లో వాచీల తయారీ మొదలుపెట్టిన హెచ్ఎంటీ వాచీ ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడి కూడా ఏళ్ళయింది. మేనల్లుడే అన్నాడు, "అత్తా, ఇది తాతయ్య పెట్టుకోనీ. నాకు వచ్చే ఏడు తేవచ్చులే." నాన్న వద్దంటూనే చెయ్యి చాపారు.

ఆగిపోయిన వాచీ

నేను తిరిగొచ్చిన మూడు వారాలకి వీడియో కాల్‌లో అమ్మ మొదలుపెట్టింది. "అంత డబ్బు పోసి ఏం వాచీ తెచ్చావే? రోజూ తెల్లారేసరికి ఆగిపోయి ఉంటోంది." నాకు తల కొట్టేసినట్టయింది. నలభై రోజులు లెక్క రాసి తెచ్చిన వాచీ! మా చేతిలో నడిచింది, నాన్న చేతిలో ఆగుతోంది. నాన్నేమో పక్కనుంచి "పోనీలే, దాన్నేమీ అనకు" అంటున్నారు.

తమ్ముడు దాన్ని వాచీ రిపేరు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన రెండు రోజులు తన చేతికే పెట్టుకుని తిరిగి, "ఏ లోపమూ లేదు" అని తిరిగిచ్చాడు. ఇస్తూ ఒక మాట అడిగాడట. "పెద్దాయన నడుస్తున్నారా బాబూ?"

తమ్ముడు ఆ మాట మామూలుగా చెప్పి వేరే సంగతిలోకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నాన్న ప్రతి ఆదివారం ఫోన్‌లో నాకు చెప్పేది ఒకటే. "నాకేంటమ్మా, రోజూ సాయంత్రం కాలవ గట్టు దాకా నడిచొస్తున్నా." కాలవ దాకా పోయి వచ్చి, పొద్దున్నంతా ఇంట్లో తిరిగే మనిషి చేతికుంటే వాచీ నిండాలి. రాత్రి తీసి పెట్టినా తెల్లారేసరికి ఆగకూడదు. ఆగుతోందంటే రోజంతా ఆ చెయ్యి కదలడం లేదన్నమాట.

అమ్మని విడిగా అడిగాను. కాసేపు తప్పించుకుని అప్పుడు చెప్పింది. నేను విమానం ఎక్కిన నాలుగో రోజున నాన్న స్నానాల గదిలో జారారట. ఏమీ విరగలేదు గానీ మోకాలు వాచింది. అప్పట్నుంచీ పొద్దున్న కుర్చీలో కూర్చుంటే రాత్రి మంచం దాకా అంతే. ఎడమ చెయ్యి కుర్చీ చెయ్యి మీద పెట్టుకుని టీవీ చూస్తారు. "దానికి చెప్పకు, అంత దూరాన బెంగ పెట్టుకుంటుంది" అని అమ్మతో ఒట్టు వేయించుకున్నారు. తమ్ముడు పొద్దున్న పోతే రాత్రికి వస్తాడు, వాడికీ పూర్తిగా తెలియనివ్వలేదు.

మీలో ఎంతమందికి ఇది కొత్త? మనం ఇక్కడ జ్వరం వచ్చినా "బాగున్నాం" అంటాం. వాళ్ళు అక్కడ పడిపోయినా "బాగున్నాం" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం అనుకోం, అలా చెప్పడమే ప్రేమ అనుకుంటాం. మా ఇంట్లో నాన్న దాచిపెట్టిన సంగతి ఆ వాచీ దాచలేకపోయింది.

ఆ వారమే తమ్ముడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మోకాలి అరుగుదల, దానికి తోడు దెబ్బ. ఇప్పుడు వ్యాయామాలు చేయిస్తున్నారు. కర్ర పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడుస్తారు. కాలవ గట్టు దాకా ఇంకా వెళ్ళలేదు, వెళ్తారో లేదో కూడా చెప్పలేను. వాచీ కొన్నాళ్ళు నడుస్తుంది, కొన్నాళ్ళు ఆగుతుంది. ఆగకుండా ఉండాలంటే రోజూ పొద్దున్నే హెచ్ఎంటీకి ఇచ్చినట్టే కీ ఇవ్వమన్నాను. దీనికి చేత్తో కీ ఇచ్చే వీలుంది కాబట్టి సరిపోయింది. పూర్తిగా నిండాలంటే యాభై పైచిలుకు సార్లు తిప్పాలి. ఎక్కువ తిప్పితే స్ప్రింగు తెగుతుందన్న భయం లేదు, నిండాక అది లోపల జారుతుంది.

మీరు కొనేముందు

నా అనుభవం మీకు పనికి రావాలి కాబట్టి తేలినవన్నీ ఒకచోట చెప్తాను.

మొట్టమొదట వాచీని కాదు, అది ఎక్కబోయే చేతిని చూడండి. కాలేజీ పిల్లలు, ఉద్యోగానికి తిరిగేవాళ్ళు, ఇంటి పని చేసుకునే మనం, వీళ్ళ చేతికి ఆటోమేటిక్ హాయిగా నడుస్తుంది. రోజంతా ఒకచోట కూర్చునే పెద్దవాళ్ళకి, మంచాన ఉన్నవాళ్ళకి బ్యాటరీదే నయం. ఆటోమేటిక్ అంత ముచ్చటైతే చేత్తో కీ ఇచ్చే వీలున్నదే తీసుకోండి. వేళ్ళకి కీళ్ళనొప్పులుంటే అదీ కష్టమే, చిన్న కీ పట్టు దొరకదు.

లోపలి యంత్రం పేరేంటో అడగండి. చెప్పలేని షాపులో కొనకండి. పేరున్న యంత్రమైతే పాడైనా మొత్తం తీసి కొత్తది వేసే మెకానిక్ మన ఊళ్ళోనూ దొరుకుతాడు. చాలాసార్లు బాగుచేయడం కంటే మార్చడమే చవక.

సఫైర్ అద్దం, 100 మీటర్ల నీటి రక్షణ, మామూలు సైజు బెల్టు, ఈ మూడూ చూడండి. గళ్ళు, ఎర్ర ముల్లు, చిల్లుల బెల్టు మీ మనసుకి నచ్చితే నచ్చినట్టు. వాటికని ఒక్క దీనారు కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు.

కొమ్ము నుంచి కొమ్ము దాకా పొడవు మణికట్టు వెడల్పు దాటకూడదు. ఊళ్ళో వాళ్ళకి కొనేటప్పుడు ఒక దారంతో మణికట్టు కొలిపించి ఫోటో పెట్టమనండి.

రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీ మార్చొద్దని చెప్పి మరీ ఇవ్వండి. ఆ టైములో తేదీ చక్రం దానంతట అది మారే పనిలో ఉంటుంది, మనం తిప్పితే పళ్ళు దెబ్బతింటాయి. అయస్కాంతం మాట కూడా చెప్పండి.

ఇంతకీ 46 దీనార్లకి విలువుందా అంటే, వాచీగా చూస్తే ఉంది. అద్దానికి, బెల్టుకి మార్కులు తగ్గించినా పదికి ఏడు వేస్తాను. మేనల్లుడికి ఈసారి సఫైర్ అద్దం ఉన్నది చూస్తున్నాను. వాడు రింగు నలభై దగ్గర మొదలయ్యేది కావాలంటున్నాడు, తాతయ్య లారీకి చోటుండేలా. అలాంటిది మీకెక్కడైనా కనిపిస్తే గ్రూపులో పెట్టండి.

నాన్నతో ఆదివారం కాల్ మామూలే. "బాగున్నావా" అని అడగడం మానేశాను. "వాచీ నడుస్తోందా నాన్నా?" అని అడుగుతున్నాను. "ఓ, బ్రహ్మాండంగా" అంటారు. వెంటనే, "నువ్వు నడిచినందుకా, కీ ఇచ్చినందుకా?" అంటాను. పోయిన వారం కాసేపు ఆగి, "సగం సగం" అన్నారు.